ఇల్లుమోసే పురుగు

మా అత్త ఓబమ్మ తలెత్తి ఆకాశం చూసి ఏళ్లయింది. నడుము వంగిపోయి, మెడ బిగుసుకుపోయి, కాళ్ల ముందున్న కాస్త నేల తప్ప ఆమెకు వేరే లోకం లేదు. ఇంటికి ఎవరొచ్చినా పాదాలు చూసి పేరు చెబుతుంది. ఇది ముసలితనం కాదు, బోరు నీళ్ల చలవ. మా పావగడ సీమలో నేల అడుగునుంచి తోడిన నీళ్లలో ఫ్లోరైడు ఉంటుంది. చిన్నప్పటి నుంచీ అవే తాగితే ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు తేలతాయి, తర్వాత ఎముకలు బిగుసుకుంటాయి. ఈ సంగతి నాకు ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు. రోజూ పొద్దున్నే చేతికర్ర పట్టుకుని నా కళ్లముందే నడుస్తుంది.

అందుకే మేఘ నా కడుపున పడ్డప్పుడే గట్టిగా అనుకున్నాను, ఈ బిడ్డ గొంతులోకి బోరు నీళ్లు చుక్క కూడా దిగకూడదని. లేకలేక పుట్టిన పిల్ల. ఇప్పుడు రెండో తరగతి. ముందరి పాలపళ్లు ఊడిపోయి అసలు పళ్లు మొలుస్తున్నాయి. ఇప్పుడు వచ్చే పళ్లే జన్మంతా ఉండేవి, ఇప్పుడు గట్టిపడే ఎముకలే జన్మంతా మోసేవి. ఊళ్లో శుద్ధ నీళ్ల మిషను ఒకటుంది గానీ, అది నడిచిన రోజుల కన్నా తాళం వేసి ఉన్న రోజులే ఎక్కువ. దాన్ని నమ్ముకుంటే నా కూతురి పళ్లు గోవిందా.

మేము నమ్ముకుంది మా హొండను. క్యాతగానచెర్లు పక్కన మా భూమంతా సోలార్ పార్కుకు కౌలుకు పోయింది. వేరుశనగ పండిన చోట ఇప్పుడు కనుచూపు మేర అద్దాల పలకలే. ఇంటి వెనక మిగిలిన చిన్న చెక్కలో మాత్రం పథకం కింద తవ్వించిన కృషి హొండ ఉంది. హొండ అంటే పెద్ద గుంత. వాన నీళ్లు ఇంకిపోకుండా దాని అడుగున నల్లటి ప్లాస్టిక్ షీటు పరుస్తారు. పైరుకు కట్టుకోమని ఇచ్చారు, పైరే లేనివాళ్లం కాబట్టి మేము తాగడానికి వాడుకున్నాం. వాన నీళ్లకు నేలలోని విషం అంటదు కదా. ఆ తెలివికి ఊరంతా మమ్మల్ని మెచ్చుకుంది.

రెండేళ్ల కిందట గొర్రెలూ మేకలూ లాంటి జీవాలు హొండలో దిగి తొక్కి ఆ నల్ల షీటును చీల్చేశాయి. నీళ్లు కళ్లముందే ఇంకిపోతుంటే మా ఆయన యోగానంద అటక మీదున్న టార్పాలిన్ పట్టలన్నీ దించాడు. ఒకప్పుడు వేరుశనగ వాముల మీద కప్పిన నీలి పట్టలు. వాములే లేనప్పుడు పట్టలెందుకని, వాటన్నిటినీ కలిపి కుట్టి, చీలిన షీటు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పరిచాడు. వానలొచ్చి హొండ నిండితే నీళ్లు నీలంగా మెరిసిపోయాయి. ఆయన గట్టుమీద నిలబడిన తీరు చూస్తే మీసం దువ్వుకోవడం ఒక్కటే తక్కువ.

మా ఇంట్లో నీళ్లు పట్టే పద్ధతి అత్త పెట్టింది. ముందు తెల్ల పింగాణీ గిన్నెలో హొండ నీళ్లు ముంచి ఎండలో పెట్టాలి. నలకల్లాంటి పురుగులు అందులో గెంతుతూ ఎగురుతుంటే ఆ నీళ్లు మంచివి. పురుగు ఒల్లని నీళ్లు మనిషికి వద్దని ఆమె పట్టుదల. తర్వాత పోయిన మామ పంచెను నాలుగు మడతలు వేసి బిందె మూతికి బిగించి వడగట్టాలి. గుడ్డలో చిక్కిన ప్రాణులను నేలమీద దులిపేయకూడదు, తీసుకుపోయి హొండలోనే వదలాలి. వాటి నీళ్లు మనం తాగుతున్నాం, వాటి ఇంటికి వాటిని పంపకపోతే ఎలాగంటుంది అత్త. వడగట్టిన నీళ్లు కాచి ఇత్తడి గంగాళంలో పోసి మూత పెట్టడం నా వంతు. ప్రాణులను ఇంటికి పంపడం మేఘ వంతు.

ఆ ప్రాణుల్లో మేఘకు ముద్దొచ్చేది ఇల్లుమోసే పురుగు. మెత్తటి తెల్ల పురుగు, గోరంత ఉంటుంది. ఇసుక రేణువులూ పుల్లముక్కలూ తన జిగురుతో అంటించుకుని ఒంటి చుట్టూ గొట్టం కట్టుకుంటుంది. తలా కాళ్లూ బయట పెట్టి, ఆ ఇంటిని ఈడ్చుకుంటూ హొండ అడుగున తిరుగుతుంది. దాన్ని చూసినప్పుడల్లా మేఘ, అవ్వ కూడా ఇల్లుమోసే పురుగేనని నవ్వేది. వంగిన వీపు చూసి అన్న మాటే అయినా అత్త నొచ్చుకునేది కాదు, తనూ నవ్వేది.

శివరాత్రి దాటిన తర్వాత ఒక పొద్దున, నేను పార్కులో గడ్డి కోత పనికి పోవాలని హడావిడి పడుతుంటే, అత్త హొండ గట్టు నుంచి నన్ను పిలిచింది.

"అంబుజా, ఈ పురుగు నీలి ఇల్లు కట్టుకునిండాది."

నాకు ఒళ్లు మండింది. ఒకపక్క పొయ్యి మీద సంగటి మాడుతోంది, ఇంకోపక్క మేస్త్రి పేరు పిలిచే వేళ దాటుతోంది, ఈమెకేమో పురుగుల ఇళ్ల రంగులు కావలసి వచ్చాయి. ఆ మాటే అనేసి విసురుగా వెళ్లాను. అత్త అరచెయ్యి చాచింది. అందులో పురుగు ఉంది. దాని ఇల్లంతా నీలమే. ఇసుక లేదు, పుల్ల లేదు. సన్నటి నీలి పీలికలు, పొట్టులాంటి నీలి ముక్కలు, ఒకదాని పక్కన ఒకటి ఎంతో పొందికగా అతికించుకుంది. పట్టల నుంచి ఊడినవని చూడగానే తెలిసింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ, ఎందుకో నా చెయ్యి వెనక్కి పోయింది.

సాయంత్రం మా ఆయనకు చెబితే నవ్వేశాడు. పురుగులక్కూడా రంగుల పిచ్చి పట్టిందన్నాడు. రెండు ఎండాకాలాలు ఎండితే పట్ట అంచు కాస్త పొట్టు రాలుతుంది, అదేమన్నా పామా తేలా అన్నాడు. పొట్టు ఆగడానికే కదా గుడ్డ ఉంది అన్నాడు. నిజమే అనిపించింది. నాలుగు మడతల పంచె, పైగా కాచిన నీళ్లు. ఇంతకన్నా జాగ్రత్త రాజులు కూడా పడరు.

కానీ మర్నాటి నుంచి నా కన్ను హొండ మీది నుంచి మరలలేదు. అడుగున తిరగాల్సిన ఇల్లుమోసే పురుగులు పైకి తేలాయి. ఒకటి కాదు, గాలి వాటున గట్టు అంచు పొడవునా అవే. ఇసుక ఇంటికి బరువుంటుంది, అది పురుగును అడుగున నిలబెడుతుంది. ఈ నీలి ఇంటికి బరువు లేదు, నీళ్లలో మునగదు. తను కట్టుకున్న ఇల్లే తనను పైకి లేపి ఎండలో పడేస్తే, పాపం ఆ పురుగులు కాళ్లు ఆడిస్తూ కిందికి పోవాలని తన్నుకుంటున్నాయి. కొన్ని అప్పటికే ఆడటం మానేశాయి.

ఆ రోజు పింగాణీ గిన్నె దగ్గర అత్త చాలాసేపు కూర్చుంది. నలకల పురుగులు ఎగరలేదు. కొన్ని అడుగున పడి ఉన్నాయి, కొన్ని ఎగరబోయి మధ్యలోనే ఆగిపోతున్నాయి. మేఘ బడిలో ఇచ్చిన భూతద్దం తెచ్చి చూసి, వీటి కడుపులో నీలి గీత ఉందని చెప్పింది. నేను లాక్కుని చూశాను. ఆ పురుగుల ఒళ్లు గాజులా ఉంటుంది, లోపల పేగు దారంలా కనిపిస్తుంది. ఆ దారం నీలంగా ఉంది. పక్కన ఒక తోకకప్ప, కాళ్లు కూడా మొలవని కప్పపిల్ల, వెల్లకిలా తేలుతోంది. దాని పొట్ట తోలు కింద చుట్టలు చుట్టుకున్న పేగు నిండా అదే నీలం. తిండి అనుకుని తిన్నట్టుంది. కడుపు నిండుగానే ఉంది, ఒళ్లు మాత్రం ఎండి పుల్లైపోయింది.

గిన్నె ఎత్తి పారబోయబోతే అత్త నా చీర కుచ్చెళ్లు పట్టుకుంది. నేలమీద పోయొద్దు, హొండలోనే పొయ్యమంది. చచ్చినవాటికి కూడా మర్యాదేనా అని కసురుకున్నాను, కానీ హొండలోనే పోశాను.

ఆ సందెవేళ వాకిట్లో కూర్చుంటే ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో చాలాసేపు అర్థం కాలేదు. దూరంగా పార్కు కంచె లైట్లు వెలిగాయి, పక్కింటి చిన్నరంగప్ప జీవాలు దొడ్డికి చేరాయి, అన్నీ మామూలే. తర్వాత తెలిసింది, హొండలో కప్పలు అరవడం లేదు. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆ హొండ లేదు, ఆ అరుపులూ లేవు. హొండ వచ్చాక కప్పల గోలకు నిద్ర పట్టడం లేదని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఇప్పుడు ఒక్క కప్ప, ఒక్కటంటే ఒక్కటి అరిస్తే దానికి దండం పెడదామనిపించింది.

అప్పుడే మేఘ లోపలి నుంచి వచ్చి కడుపు నొప్పి అంది.

పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, లంగా బొందు వదులు చేసి, పొట్ట మీద దీపం వెలుగు పట్టి చూశాను. ఏం చూస్తున్నావమ్మా అని అది నవ్వుతోంది. ఏమని చెప్పను? తోలు కింద నీలం కనిపిస్తుందేమోనని వెతుకుతున్నానని చెప్పనా? చివరికి బడి దగ్గర ఈరక్క అంగట్లో పచ్చి చింతకాయలు కొనుక్కుని గుప్పెడు తిన్నదని బయటపడింది. వీపు మీద ఒక్కటిచ్చాను. కొట్టాక నేనే ఏడ్చాను. వాము నీళ్లతో నొప్పి తగ్గి పిల్ల నిద్రపోయింది, నాకు మాత్రం ఆ భయం తగ్గలేదు.

పొద్దున్నే మా ఆయనను చెయ్యి పట్టి హొండ దగ్గరికి లాక్కుపోయాను. తేలిన పురుగులను చూపించాను, తోకకప్ప పొట్ట చూపించాను. ఆయన ఏదో సరదా మాట అనబోయి నా మొహం చూసి మానుకున్నాడు. గట్టుమీద చుట్టగా ఉన్న పట్ట అంచును రెండు వేళ్లతో నలిపాడు. అది అప్పడంలా పొడైపోయింది. వేళ్లు తుడుచుకున్నాడు, పోలేదు. పంచెకు రుద్దాడు, పంచెకూ అంటుకుంది.

"ఏందయ్యా, ఇంగా పొట్టేనా ఇది?" అన్నాను.

"నా బిడ్డకు మంచి జరగాలనే కదే పరిచినాను," అన్నాడు ఆయన. తర్వాత పోయి చిన్నరంగప్పను పిలుచుకొచ్చాడు. పట్టలన్నీ ఆ రోజే లాగేయాలని నిర్ణయించాం. పట్ట పోతే నీళ్లు కొంత ఇంకినా మిగిలినవైనా బాగుపడతాయి, మళ్లీ వానలొచ్చేలోపు కొత్త షీటు వేయిద్దాం అని మా లెక్క.

అత్త మాత్రం కర్రతో నేల తడుతూ, ఇప్పుడు దాన్ని కదిలించొద్దు అని గొణిగింది. భయంలో ఉన్న మనిషికి చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆమెకేం తెలుసని నేను చెవిన వేసుకోలేదు. "లాగండి" అన్నాను.

లాగారు. పైనున్న అంచు చేతుల్లోనే ఊడిపోయింది. మా ఆయన ఇంకా కిందికి దిగి, మోకాళ్ల లోతులో నిలబడి, గుప్పెళ్లతో పట్టి బలంగా గుంజాడు. పట్ట రాలేదు, చిరిగింది. చిరిగిన చోటల్లా నీలి పొడి బుస్సున లేచి నీళ్లలో కలిసింది. చిన్నరంగప్ప అటునుంచి గుంజితే అటూ అంతే. ఎండకు మాగి మాగి ఆ పట్టలో దారమనేదే మిగల్లేదు. పట్టుకున్నచోట విడిపోతుంది, విడిపోయినచోట రాలుతుంది. ఆపండి ఆపండి అని నేను నెత్తీ నోరూ కొట్టుకునేసరికి హొండంతా ఆ పొడి కలిసిపోయింది. నీళ్ల మీద, నీళ్ల మధ్యలో, అడుగున, ఎక్కడ చూసినా నీలి నలకలు నెమ్మదిగా సుళ్లు తిరుగుతున్నాయి. గాలి ఆగినా అవి ఆగలేదు.

మా ఆయన పైకి వచ్చాడు. తడిసిన కాళ్లకు, చేతుల వెంట్రుకలకు, మెడకు, ఆఖరికి పెదవి మీద కూడా నీలి పొడి. చిన్నరంగప్ప తన చేతులు చూసుకుని, "యాడికి పోతాదప్పా ఇది ఇంగ?" అన్నాడు. ఆ నీళ్లు జీవాలకు కూడా పనికిరావని ముగ్గురికీ తెలుసు.

మేఘ గట్టు వారన కూర్చుని ఏదో ఏరుతోంది. కోప్పడదామని వెళ్లాను. కొబ్బరి చిప్పలో ఒక ఇల్లుమోసే పురుగును పట్టింది. వేప పుల్లతో నెమ్మదిగా వెనక నుంచి తోస్తే పురుగు నీలి ఇంట్లోంచి బయటికి జారింది. ఒంటిమీద ఏమీ లేకుండా, తెల్లగా, వణుకుతూ. "అమ్మా, దీన్ని యాడ వదలాల?" అని అడిగింది. ప్రతి పూటా హొండలో వదిలిన పిల్ల. నాకు ఏడుపొచ్చింది.

ఇంట్లో పెంచుకుందాంలే అన్నాను. ఊరగాయ గాజు సీసా ఖాళీగా ఉంటే తోమి ఇచ్చాను. గోడలు కట్టినప్పుడు నాగలమడిక నుంచి తెప్పించిన ఏటి ఇసుక దొడ్లో కొంచెం మిగిలి ఉంది. అది గుప్పెడు తీసి, బోరు నీళ్లతో నేనే కడిగి, పళ్లెంలో పరిచి చూశాను. ఒక్క నీలి నలక లేదు. సీసాలో పోసి మేఘ చేతికిచ్చాను. కొత్త ఇల్లు ఇసుకతోనే కట్టుకుంటుందా అని అది అడిగితే, దానికి వేరే ఏముంది, ఇసుకతోనే కడుతుంది అని చెప్పాను. ఆ మాట నాకే కాస్త ఊరటగా అనిపించింది.

ఇంకో ఊరట కూడా ఉంది. పట్టలు కదిలించకముందే వడగట్టి కాచిన నీళ్లు గంగాళం నిండా ఉన్నాయి. పెద్దవాళ్లం ముగ్గురం ఎలాగో బోరు నీళ్లతో సరిపెట్టుకుని, అవి మేఘకు మాత్రం పెడితే చాన్నాళ్లు వస్తాయి. ఈలోపు పంచాయితీ మీద పడి అరిచైనా మిషను తాళం తీయించాలనుకున్నాను. ఆ రోజు మామ పంచెను ఉతికి ఆరేస్తుంటే దాని మడతల్లో ఇరుక్కున్న నీలి పొట్టు కనిపించింది. ఎంత పొట్టు ఆపిందో అనుకుని ఆ గుడ్డను కళ్లకద్దుకున్నాను. ఇన్నాళ్లూ నా బిడ్డకూ ఆ హొండకూ మధ్య అడ్డం నిలబడింది అదేనని నా నమ్మకం.

మర్నాడు పొద్దున మేఘ అరుపుతో లేచాను. సీసాను అరుగు మీద ఎండలో పెట్టి గంతులేస్తోంది. పురుగు ఇల్లు కట్టేసుకుంది. ఇసుక ఇల్లు, బరువైన ఇల్లు. తలా కాళ్లూ బయట పెట్టి సీసా అడుగున దర్జాగా తిరుగుతోంది. నాకూ సంతోషమేసింది. మా ఆయనను పిలిచాను, ఆయనా వచ్చి చూసి ఎన్నాళ్లకో కాస్త నవ్వాడు. అరుగు పక్కన కింద కూర్చున్న అత్త కళ్లకు సీసా సరిగ్గా ఎదురుగా ఉంది. ఆమె ఒక్కతే నవ్వలేదు.

"మూతి కాడ చూడు," అంది.

వంగి చూశాను. ఇసుక గొట్టం చివర, పురుగు తల బయటికి వచ్చేచోట, సన్నటి నీలి అంచు ఉంది. తెల్ల చీరకు వేసిన పట్టంచులా, చుట్టూ తిరిగి వచ్చింది. భూతద్దం పెట్టాను. కంటికి ఆనని నీలి నలకలు, ఏరి ఏరి అతికించుకుంది.

ఇసుక నేను కడిగాను. సీసా నేను తోమాను. పురుగు ఒంటిమీద ఏమీ లేకుండా వణకడం నా కళ్లతో చూశాను.

"దీంట్లో యా నీళ్లు పోసినావే?" అన్నాను.

మేఘ నన్ను వింతగా చూసింది. "మనం తాగేటివేమ్మా. గంగాళంలోవి. దానికి మంచి నీళ్లు కావాల గదా."

మా ఆయన సీసాను ఎత్తి ఎండకు పట్టి చూశాడు. అత్త రెండు చేతులూ కర్ర మీద ఆనించి, తీగ మీద ఆరుతున్న పంచె నీడను నేలమీద చూసి, లేచి బోరు కొళాయి వైపు నడిచింది. నేను లోపలికి పరుగెత్తి గంగాళం మూత తీశాను. నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున ఇత్తడి మెరుపు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఎంత వంగి చూసినా ఏమీ కనిపించలేదు, అదే నన్ను చంపేసింది. పాలు మాన్పించినప్పటి నుంచి ఈ చేతులతోనే పోశాను. రెండేళ్ల నుంచి పూట పూటకూ, గ్లాసు గ్లాసుకూ, ఇంకొంచెం తాగు తల్లీ అని బతిమాలి మరీ పోశాను.

మేఘ నా వెనకే వచ్చింది. గంతులేసి గంతులేసి చెమట పట్టింది. స్టాండు మీది గ్లాసు తీసి నా చేతిలో పెట్టింది. నవ్వుతుంటే కొత్తగా మొలిచిన ముందు పన్ను, ఇంకా సగమే వచ్చింది, పాలలా తెల్లగా ఉంది.

"దప్పికైతాందమ్మా, నీళ్లు పొయ్యి," అంది.

నా కుడిచేతి పక్కన గంగాళం ఉంది. ఎడమ పక్క, వాకిలి అవతల, బోరు కొళాయి ఉంది. దాని కింద అత్త వంగి కాళ్లు కడుక్కుంటోంది. నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. మేఘ చెయ్యి చాచే ఉంది.